తెరమీద తెలుగు పత్రిక: కంటికి కష్టం ఎక్కడ మొదలవుతుంది?

చెన్నైలో ఇప్పుడు తెలుగు పత్రికను కొనుక్కోవడం కంటే దించుకోవడం తేలిక. తరాలుగా తెలుగువాళ్లు నివసిస్తున్న టి.నగర్, వడపళని, పెరంబూరు వంటి చోట్ల కూడా తెలుగు వారపత్రిక కావాలంటే అది దొరికే దుకాణం ముందే తెలిసి ఉండాలి. పాత మహాబలిపురం రోడ్డు వెంట ఐటీ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు ఆ వెతుకులాటకు తీరిక తక్కువ. అందువల్ల పత్రిక ట్యాబ్‌లోకో, ల్యాప్‌టాప్‌లోకో వచ్చి చేరుతోంది. చేరడం వరకు బాగానే ఉంది, చదవడం దగ్గరే చిక్కు. రెండు కథలు పూర్తయ్యేసరికి కళ్లు లాగుతాయి, కనుబొమల మధ్య నొప్పి మొదలవుతుంది, వత్తులు ఆనక వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి చదవాల్సి వస్తుంది. చాలామంది ఈ నేరాన్ని వయసు మీదకో తెర వెలుతురు మీదకో నెట్టేసి, పత్రికను పక్కన పెట్టేస్తున్నారు.

ఈ ఇబ్బందిలో పెద్ద వాటా కంటిది కాదు, వెలుతురుదీ కాదు. ఒక కొలత కాగితం కోసం పుట్టిన పేజీని మరో కొలత ఉన్న తెరలో కుదించి చూడటం వల్ల వచ్చేది. స్కేలు పెట్టి లెక్క వేస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 8.27 అంగుళాలు. 10.9 అంగుళాల ఐప్యాడ్‌ను నిలువుగా పట్టుకుంటే దాని తెర వెడల్పు సుమారు 6.2 అంగుళాలు. పేజీ మొత్తం ఆ తెరలో ఇమిడిందంటే ప్రతి అక్షరమూ ముప్పాతికకు తగ్గినట్టే. అచ్చులో 12 పాయింట్లున్న అక్షరం (ఒక పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) అక్కడ 9 పాయింట్లవుతుంది. 16:10 నిష్పత్తిలో వచ్చే 10.1 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇంకా సన్నం. దాని వెడల్పు 5.35 అంగుళాలే కాబట్టి అదే అక్షరం 8 పాయింట్ల కంటే కిందికి జారుతుంది. 8.3 అంగుళాల ఐప్యాడ్ మినీలో ఆరున్నరకు చేరుతుంది. ఆరున్నర అంగుళాల ఫోనులో నాలుగు పాయింట్లు కూడా ఉండదు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ చూడటానికి విశాలంగా ఉన్నా దాని తెర ఎత్తు 7.65 అంగుళాలు మాత్రమే, ఏ4 ఎత్తేమో 11.7 అంగుళాలు. పేజీ పూర్తిగా కనబడేలా పెడితే అక్కడా 8 పాయింట్లకు మించదు, పైగా దాన్ని ట్యాబ్ కంటే దూరం నుంచి చూడాలి.

దూరం సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. ట్యాబ్‌ను సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. కంప్యూటర్ తెర 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 60 సెంటీమీటర్ల దూరంలోని 12 పాయింట్ల అక్షరం కంటికి 40 సెంటీమీటర్ల దూరంలోని 8 పాయింట్ల అక్షరమంతే కనిపిస్తుంది. కాబట్టి కంప్యూటర్‌లో పత్రికను అసలు కొలతలో చూపించుకున్నా సరిపోదు, 150 శాతానికి పెంచితేనే చేతిలోని కాగితంతో సమానం.

ఇంగ్లిషు పత్రిక ఈ కుదింపును కొంతవరకు తట్టుకుంటుంది. తెలుగు తట్టుకోదు. ఇంగ్లిషు వాక్యంలో చాలా అక్షరాలు ఒకే అంతస్తులో ఉంటాయి. తెలుగులో ఒకే పంక్తి ఎత్తులో పైన గుడి, ఏత్వం, తలకట్టు, మధ్యలో అక్షరం, కింద వత్తు సర్దుకోవాలి. పంక్తి ఎత్తు అదే అయినా అసలు అక్షరానికి దక్కే చోటు తక్కువ. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే 24 అంగుళాల 1920×1080 మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 చుక్కలు. 12 పాయింట్ల అక్షరానికి అక్కడ నిలువునా 15 చుక్కలే దక్కుతాయి. వాటిలో మూడు అంతస్తులు ఇమడాలంటే వత్తుకు మిగిలేది నాలుగైదు చుక్కలు. అంత చిన్న చోట ‘ష్ట’కూ ‘ష్ణ’కూ తేడాను కన్ను చూసి కాదు, ఊహించి తెలుసుకుంటుంది. ‘థ’లోని చుక్క చెరిగిపోతే ‘ధ’ అవుతుంది, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా మాసిపోతుంది. చదవడం అలవాటైన మెదడు సందర్భాన్ని బట్టి సరిదిద్దుకుంటుంది గానీ పుటలకొద్దీ అదే పని చేయడం శ్రమ. ఆ శ్రమే కళ్లు లాగడంగా బయటపడుతుంది. అంగుళానికి 264 చుక్కలుండే ఐప్యాడ్‌లో అదే అక్షరానికి 44 చుక్కలు దక్కుతాయి. అందుకే తెలుగు చదవడానికి తెర కొనేటప్పుడు అంగుళాల కంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్నది ముందు అడగాలి. దుకాణాల్లో ఆ అంకె అట్టపెట్టె మీద ఎక్కడో చిన్నగా ఉంటుంది.

తెర సగం కథ. మిగతా సగం పేజీది. తెరమీదకు వచ్చే తెలుగు పేజీలన్నీ ఒక రకం కావు, అవి ఏ కాలంలో ఎలా తయారయ్యాయన్న దాన్నిబట్టి వాటితో వ్యవహరించే తీరు మారాలి. చెన్నై తెలుగు పాఠకుడికి ఈ తేడా మరింత ముఖ్యం, ఎందుకంటే అతను వెతికే పాత పత్రికల్లో చాలా వాటి పుట్టిల్లు ఈ నగరమే. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. ఆయనే 1924లో భారతి మాసపత్రికను ఇక్కడ ప్రారంభించారు. కె.ఎన్.కేసరి 1928లో గృహలక్ష్మిని తెచ్చారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామను ఇక్కడినుంచే తెలుగు, తమిళాల్లో మొదలుపెట్టారు. సముద్రపు గాలి, తేమ ఉన్న ఊళ్లో పాత కాగితం నిలవడం కష్టం. 2015 డిసెంబరు వరదలప్పుడు ఇళ్లలోకి చేరిన నీళ్లు అడుగు అరల్లోని కాగితాలను ఎంతగా పాడుచేయగలవో నగరమంతా చూసింది. ఈ పత్రికల పాత సంచికలు నేడు ఎక్కువమందికి అందేది స్కాన్ల రూపంలోనే. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించినవి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో తయారై ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నవి వీటిలో ముఖ్యం. ఆ పని చేసినవాళ్లకు తెలుగు చదువరులు ఎంతో రుణపడి ఉన్నారు.

ఈ స్కాన్లు అక్షరాలు కావు, అక్షరాల ఫొటోలు. సీసపు అక్షరాలు పేర్చి, తక్కువ రకం కాగితం మీద అచ్చువేసిన పేజీలు పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగాయి. వాటిని రంగుల్లో స్కాన్ చేస్తే గోధుమ కాగితం మీద గోధుమ అక్షరం కనబడుతుంది. పూర్తి నలుపు తెలుపులో స్కాన్ చేస్తే బూడిదరంగు ఛాయలన్నీ పోయి అక్షరాల కడుపులు పూడుకుపోతాయి, బొమ్మలు మసి పూసినట్టవుతాయి. ఫాంటు మార్చడం, అక్షరం పెంచడం వంటి సదుపాయాలేవీ ఇక్కడ పనిచేయవు. చేయగలిగినవి మూడే పనులు: అంచులు కత్తిరించడం, నలుపు తెలుపుల తేడా పెంచడం, తెరను అడ్డంగా తిప్పడం.

మూడింటిలో చివరిదే అన్నిటికంటే ఫలితమిచ్చేది, అయినా దాన్ని పాటించేవాళ్లు తక్కువ. 10.9 అంగుళాల ఐప్యాడ్‌ను అడ్డంగా తిప్పితే తెర వెడల్పు దాదాపు 8.9 అంగుళాలు. ఏ4 పేజీ వెడల్పు అందులో పూర్తిగా పట్టడమే కాక అసలు కొలత కంటే 8 శాతం పెద్దదిగా కనిపిస్తుంది. ఎత్తులో దాదాపు సగం పేజీ వస్తుంది. అంటే ఒక పేజీని పైసగం, కిందిసగంగా రెండు విడతల్లో చదవడం. వేలితో లాగుతూ, జూమ్ చేస్తూ, తప్పిపోతూ చదవడానికీ దీనికీ పోలిక లేదు. 10.1 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది, కాకపోతే పేజీకి రెండు విడతల కంటే కాస్త ఎక్కువ పడుతుంది. రెండు కాలమ్‌ల పేజీలో మాత్రం ఒక చిన్న అసౌకర్యం ఉంది. ఎడమ కాలమ్ కిందివరకు చదివి మళ్లీ పైకి రావాలి. మూడు కాలమ్‌ల వారపత్రికలకు అడ్డం పద్ధతి కంటే నిలువుగా పట్టుకుని ఒక్క కాలమ్‌నే తెరనిండా పెంచుకోవడం మేలు.

అంచుల కత్తిరింపు చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఎంతో కలిసొస్తుంది. 210 మిల్లీమీటర్ల పేజీలో ఇరువైపులా 15 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే దాన్ని తీసేసినప్పుడు అక్షరం 16 శాతానికి పైగా పెరుగుతుంది. పుస్తకం నుంచి తీసిన స్కాన్లలో ఈ ఖాళీ ఇంకా ఎక్కువ, బైండింగు నీడ అదనం. కంప్యూటర్‌లో ఆక్యులర్, ఆండ్రాయిడ్‌లో కేఓరీడర్ వంటి ఉచిత ప్రోగ్రాములు అంచులను వాటంతటవే తీసేస్తాయి. కేఓరీడర్‌లో నలుపు తెలుపుల తేడా పెంచే ఏర్పాటు కూడా ఉంది, పసుపెక్కిన పేజీలకు అదే మందు. అదే ప్రోగ్రాములో స్కాన్ పేజీలోని మాటలను ముక్కలుగా కోసి తెర వెడల్పుకు మళ్లీ పేర్చే పద్ధతీ ఒకటుంది. అది పంక్తుల మధ్య తెల్లని ఖాళీని ఆధారం చేసుకుని కోస్తుంది. పై పంక్తి వత్తులు, కింది పంక్తి గుడులు తగులుకునేంత ఇరుకుగా కూర్చిన తెలుగు పేజీలో ఆ ఖాళీ దొరకదు కాబట్టి కోత తప్పుతుంది. విశాలంగా అచ్చయిన పేజీల మీదే దాన్ని ప్రయత్నించాలి.

బొమ్మలు ప్రధానమైన పాత పిల్లల పత్రికలను రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తేనే అందం. నడిమిలో రెండు పేజీలకూ పరుచుకున్న బొమ్మ విడివిడిగా చూస్తే అర్థమే కాదు. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే తికమక ఒకటుంది. ముఖచిత్రాన్ని లెక్కలోకి తీసుకోకుండా రెండేసి పేజీలు చూపించమంటే ముఖచిత్రం, దాని వెనక పేజీ జతకట్టి, అక్కడి నుంచి ప్రతి జతా ఒక పేజీ పక్కకు జరుగుతుంది, బొమ్మ రెండు ముక్కలవుతుంది. అక్రోబాట్ రీడర్‌లో రెండు పేజీల చూపుతో పాటు ముఖపత్రాన్ని విడిగా చూపే ఎంపిక ఉంటుంది. సుమత్రా పీడీఎఫ్‌లో దీన్నే పుస్తకం చూపుగా పెట్టారు. అది ఎంచుకుంటే జతలు కుదురుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని చదివే తెర ఈ జతను తానే కూర్చి చూపిస్తుంది.

మానిటర్ ఉన్నవాళ్లకు మరో మంచి మార్గం ఉంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 20.9 అంగుళాలు, ఎత్తు 11.8 అంగుళాలు. రెండు ఏ4 పేజీలు పక్కపక్కన పూర్తి కొలతలో దాదాపు సరిపోతాయి. బొమ్మలు చూడటానికి అది బాగుంటుంది గానీ, ఇందాక చెప్పిన దూరం లెక్క ప్రకారం అక్షరం చిన్నదైనట్టే. మానిటర్ స్టాండు తిరిగే రకమైతే తెరను నిలువుగా తిప్పి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోనూ నిలువు ఎంచుకోవాలి. అప్పుడు ఒక ఏ4 పేజీ మొత్తం 140 శాతం పరిమాణంలో, లాగే పని లేకుండా, పైనుంచి కిందిదాకా ఒకేసారి కనిపిస్తుంది. ఇంట్లో కూర్చుని పని చేసే అలవాటు వచ్చాక చాలా చెన్నై ఇళ్లలో ఇలాంటి మానిటర్లు చేరాయి. పత్రిక చదవడానికి ఆ వస్తువును ఇంతకంటే బాగా వాడుకునే దారి లేదు. తిరగని ల్యాప్‌టాప్‌లో 150 శాతం పెట్టుకుని, పూర్తి తెర చేసుకుని, పేజ్ డౌన్ మీటతో ఒక్కో తెర చొప్పున దిగడం తేలిక. మౌస్ చక్రంతో కొంచెం కొంచెం జరుపుతుంటే ప్రతిసారీ కన్ను తన పంక్తిని వెతుక్కోవాలి.

నలభై దాటిన వాళ్లకు చత్వారం ఒక ప్రత్యేక సమస్య. దూరపు చూపు, దగ్గరి చూపు ఒకే అద్దంలో ఉన్న కళ్లజోడులో దగ్గరి చూపు భాగం అడుగున ఉంటుంది. చేతిలోని ట్యాబ్‌ను కిందికి చూస్తూ చదవడానికి అది చక్కగా సరిపోతుంది. ఎదురుగా, కంటి ఎత్తులో ఉన్న కంప్యూటర్ తెరను చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తుంది. గంట గడిచేసరికి మెడ పట్టేస్తుంది. తెరను కంటి మట్టం కంటే బాగా కిందికి దించడం దీనికి మొదటి ఉపాయం. కంప్యూటర్ ముందు ఎక్కువసేపు చదివేవాళ్లు కంటివైద్యుడికి తెర దూరాన్ని కొలిచి చెప్పి, ఆ దూరానికే ప్రత్యేకంగా అద్దాలు రాయించుకోవచ్చు. ‘కంప్యూటర్ చూస్తాను’ అని ఊరికే అనడం కంటే ‘నా తెర 60 సెంటీమీటర్లలో ఉంది’ అని చెప్పడం వైద్యుడికి ఎంతో ఉపయోగం.

వెలుతురు విషయంలో ప్రచారం ఎక్కువ, పని తక్కువ. నీలికాంతిని ఆపుతాయని అమ్మే కళ్లజోళ్లను కంటివైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ సిఫారసు చేయడం లేదు. తెరల నుంచి వచ్చే నీలికాంతి కంటిని పాడుచేస్తుందనడానికి ఆధారాలు లేవని అది చెబుతోంది. అలాంటి అద్దాలతో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనబడలేదని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. ఆ డబ్బు మంచి టేబుల్ దీపానికి పెట్టడం నయం. తెర పక్కన ఒక తెల్లకాగితం పట్టుకుని చూసినప్పుడు తెర దీపంలా మెరిసిపోతుంటే వెలుతురు తగ్గించాలి, కాగితం కంటే మసకగా ఉంటే పెంచాలి. చదివే తెర వెనకా కాక, చదివేవారి వెనకా కాక, కిటికీ పక్కన ఉండాలి. బాల్కనీలో ఎండపడే చోట ట్యాబ్ చదవడం చెన్నై వేసవిలో ఆ పరికరానికీ మంచిది కాదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిల్ సంస్థ చెబుతోంది, మే నెలలో ఇక్కడ 40 దాటడం మామూలే. వేడెక్కిన పరికరం తెర వెలుతురును తానే తగ్గించేసుకుంటుంది, చదివేవారికి కారణం తెలియదు.

నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు కంటికి చలువ అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. వెలుతురున్న గదిలో మాత్రం తెలుపు మీద నలుపే తేలిగ్గా చదవగలమని ఈ విషయంపై జరిగిన పరిశోధనలు ఎక్కువగా చెబుతున్నాయి. నేపథ్యం వెలుగ్గా ఉంటే కంటిపాప ముడుచుకుని చూపు పదునవుతుంది. నల్లని నేపథ్యంలో పాప విచ్చుకుని అక్షరం అంచులు అలుక్కుంటాయి. కంటిలో వక్రత దోషం (ఆస్టిగ్మాటిజం) ఉన్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. తెలుగు వత్తుల సన్నని మెలికలకు ఆ అలుకు అసలు పనికిరాదు. చీకటి గదిలో పక్కవారికి ఇబ్బంది కలగకుండా చదవాలనుకున్నప్పుడు మాత్రమే దాన్ని వాడుకోవాలి. స్కాన్ పేజీలను అలా తిప్పితే బొమ్మలు ఫొటో నెగెటివ్‌ల్లా మారిపోతాయి.

కళ్ల మంటకు ఎక్కువగా కారణమయ్యేది వెలుతురు కాదు, పొడిబారడం. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెరను చూస్తున్నప్పుడు అది సగం కంటే తక్కువకు పడిపోతుంది. చెన్నై గాలిలో తేమ ఎంత ఉన్నా ఏసీ గది ఆ తేమను లాగేస్తుంది, ముఖం మీదకు తిరిగిన ఫ్యాను మిగిలింది ఆరబెడుతుంది. చదివే కుర్చీని గాలి దారిలోంచి జరపడం, ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడటం, పేజీ తిప్పినప్పుడల్లా రెప్పలు నిండుగా వేయడం చాలు. పత్రికలో కథ పూర్తయిన చోటు ఈ విరామానికి సహజంగా కుదురుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ కదలని పేజీతో పాఠకుడు పడే తంటాలు. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ ఉద్దేశమే అది: ఎక్కడ తెరిచినా పేజీ ఒకేలా ఉండాలి. అచ్చుకు పంపడానికి అది గొప్ప సాధనం, చదవడానికి కాదు. తెరను బట్టి అక్షరాలు సర్దుకునే వెబ్ పేజీ, ఈపబ్ అనే ఈ-పుస్తకం చదువరి చేతికి అధికారమిస్తాయి. 1998 నుంచి వెబ్‌లో వస్తున్న ఈమాట పత్రికను ఫోనులో చదివినా, పెద్ద తెరమీద చదివినా అక్షరం కొలత చదువరి ఇష్టం. అక్కడ అక్షరాన్ని పెంచుకుని, బ్రౌజర్ కిటికీని సన్నం చేసుకుని, పంక్తికి ఏడెనిమిది మాటలుండేలా పెట్టుకుంటే కన్ను ఒక పంక్తి చివరినుంచి తర్వాతి పంక్తి మొదటికి తప్పిపోకుండా చేరుతుంది. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లిషుకు పెట్టే దానికంటే ఎక్కువుండాలి. అక్షరం ఎత్తుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటే వత్తులకు ఊపిరాడుతుంది. రెండు అంచులూ సమం చేసే పద్ధతిని ఆపేయాలి. సంధులు, విభక్తులు కలిసి పొడవైన తెలుగు మాటలు సన్నని కాలమ్‌లో పడితే మిగిలిన మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు తేలతాయి. ఫాంటు ఎంచుకునే వీలుంటే నోటో వంటి నిలకడైన గీత ఉన్నవి నిరంతర పఠనానికి మంచివి. రామభద్ర వంటి బొద్దు ఫాంట్లు శీర్షికలకే అందం.

1990ల నుంచి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో అను వంటి ఫాంట్లతో కూర్చిన పత్రికలది మధ్యరకం అవస్థ. పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు పదునుగా, ముచ్చటగా కనిపిస్తాయి. ఎంత పెంచినా చెదరవు. ఒక వాక్యాన్ని కాపీ చేసి చూస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకున్నవి కాబట్టి, కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు. అందులో వెతకలేం, చదివి వినిపించమని అడగలేం. చూపులేని పాఠకుడికి అది ఖాళీ కాగితమే. పేజీని బొమ్మగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఆ బొమ్మలోని తెలుగును గుర్తించి అక్షరాలుగా మారుస్తుంది. ఉచితంగా దొరికే టెస్సరాక్ట్ ప్రోగ్రాము కూడా తెలుగు గుర్తిస్తుంది. కాలమ్‌లు కలిసిపోవడం, వత్తులు మారిపోవడం వంటి తప్పులుంటాయి గానీ ఇష్టమైన ఒక వ్యాసాన్ని పెద్ద అక్షరాల్లో చదువుకోవడానికి ఆ మాత్రం చాలు.

వినడం అన్నది చెన్నైలో అదనపు సౌకర్యం కాదు, అవసరం. 2006 తమిళ అభ్యాస చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటి నుంచి పదో తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం, ఇంగ్లిషు చదివే పిల్లలు తెలుగు కథ వింటే ఆనందిస్తారు, చూస్తే అక్షరాల దగ్గర ఆగిపోతారు. యూనికోడ్ తెలుగులో, అంటే కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే అక్షరాల్లో ఉన్న వెబ్ పత్రికను మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో తెరిస్తే గట్టిగా చదివి వినిపించే సదుపాయం తెలుగు గొంతుల్లో పనిచేస్తుంది. పెద్ద అక్షరాల పేజీని కళ్లతో అనుసరిస్తూ వినే పిల్లవాడికి లిపి మెల్లగా పట్టుబడుతుంది. ఇది స్కాన్ పేజీతో సాధ్యం కాదు, అను పేజీతోనూ సాధ్యం కాదు.

ప్రచురించేవాళ్లు తలచుకుంటే పాఠకుడి తంటాల్లో సగం పుట్టకుండానే పోతాయి. తెరమీద చదవడానికే తయారయ్యే తెలుగు మాసపత్రికలు కూడా ఏ4 కొలతలో, రెండు కాలమ్‌లతో పీడీఎఫ్ ఎందుకు చేయాలి? ఆ పేజీ ఏ అచ్చుయంత్రం కిందికీ వెళ్లదు. పేజీ వెడల్పు 6 అంగుళాలు, ఎత్తు 8.5 అంగుళాలుగా, ఒకే కాలమ్‌తో, 13 పాయింట్ల యూనికోడ్ అక్షరాలతో, అంచులు అర అంగుళం లోపే ఉంచి కూర్చితే అది ఐప్యాడ్‌లో నిలువుగా, దాదాపు ఉన్న కొలతకే తెరనిండా వస్తుంది. 10.1 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో కూడా 11 పాయింట్లకు కిందికి పోదు. ల్యాప్‌టాప్‌లో రెండు పేజీలు పక్కపక్కన కూర్చుంటాయి. విషయసూచికలో ప్రతి శీర్షికకూ ఆ పేజీకి దారి తీసే లింకు, పీడీఎఫ్‌తో పాటే అదే సంచికకు ఒక ఈపబ్ ప్రతి పెట్టడం సంపాదకుడికి నెలకు కొద్ది గంటల అదనపు పని. పత్రికలు ఇప్పటికే యూనికోడ్‌లో టైపు చేసి అందుకుంటున్న రచనలను అచ్చుకూర్పు కోసం మళ్లీ పాత ఫాంట్లలోకి మార్చడం మానేస్తే ఆ గంటలు కూడా అక్కడే మిగులుతాయి.